ఒక గొంతు, ఒక తీగ

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం మా కాలేజీ కుర్రవాడొకడు భుజాన గిటారు తగిలించుకుని మా ఇంటికి వచ్చాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. క్లాసులో కూర్చునేదీ ఆఖరి బెంచీలోనే. నేను ఛందస్సు చెబుతున్నప్పుడు మాత్రం బల్లమీద వేళ్ళతో తాళం వేస్తుంటాడు. అంచేత నాకు వాడంటే కొంత కోపమూ, కొంత ఇష్టమూ.

కాఫీ తాగి, చాలాసేపు నసిగి, చివరకు అసలు సంగతి బయటపెట్టాడు. సొంతంగా పన్నెండు పాటలు కట్టుకున్నాడట. పరీక్షలు కాగానే ఆ గిటారొక్కటే పట్టుకుని కర్నూలు నుంచి కడప దాకా ఊరూరా ఆగి, ఒక్కడే పాడాలని వాడి కోరిక. మేళం లేదు, మైకు లేదు, టిక్కెట్టు లేదు. పాశ్చాత్య దేశాల్లో ఇలా తన పాట తానే రాసుకుని, తానే పాడుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎందరో ఉన్నారట. 1961లో ఇలాగే ఒక గిటారుతో న్యూయార్కు చేరిన బాబ్ డిలన్ అనే పాటగాడికి 2016లో నోబెల్ సాహిత్య బహుమతి ఇచ్చారని నాకే పాఠం చెప్పాడు.

“బాగానే ఉంది. ఇంతకూ నాతో పనేమిటోయ్?” అన్నాను.

“మా నాయన ఒప్పుకోల్యా సార్. ‘ఇంత సదివిచ్చింది తంబూర పట్టుకోని అడుక్కుతినేకా?’ అంటాండాడు. మీరొక మాట చెప్తే ఇంటాడు.”

కొడుకు చేతిలో ఉన్నది గిటారు. తండ్రికి కనిపించింది తంబూర. ఆ రైతు కోపంతో అన్న మాటలో మా సీమ చరిత్ర ఒక ముక్క దాగి ఉందని నాకు అనిపించింది. ఎందుకంటే, ఈ కుర్రవాడు తిరుగుతానంటున్న నేలమీద ఆరువందల ఏళ్ళ కిందటే ఒకాయన తన పాట తానే కట్టుకుని, తానే పాడుకుంటూ తిరిగాడు. ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు కూడా తిన్నాడు.

ఆయన ఎవరో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తాళ్ళపాక అన్నమాచార్యులు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో నారాయణ సూరి, లక్కమాంబలకు 1408లో పుట్టాడు. మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర ప్రకారం, పిల్లవాడు పాటల ధ్యాసలో పడి పనులు మరుస్తున్నాడని ఇంట్లోవాళ్ళు కసిరి, పశువులకు గడ్డి కోసుకు రమ్మని పంపారు. కొడవలి వేలికి తగిలింది. అప్పుడే తిరుమలకు పోతున్న యాత్రికుల గుంపు కనిపించింది. కొడవలి అక్కడే పారేసి వాళ్ళ వెంట నడిచాడు. పదహారో ఏట, అంటే 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా పాటలు కడుతూనే ఉన్నాడని రాగిరేకులు చెబుతున్నాయి. మొత్తం 32,000 సంకీర్తనలంటారు. దొరికినవి సుమారు 12,000.

ఆ పాటల్లో ఎన్ని ఊళ్ళ దేవుళ్ళు! దేవుని కడప వేంకటేశ్వరుడు, ఒంటిమిట్ట రాముడు, అహోబిలం నరసింహుడు, కదిరి నరసింహుడు. ఎక్కడికి పోతే అక్కడి దేవుణ్ణి పలకరించాడు. ఎక్కడి జనం ఏ వరసలో పాడుకుంటుంటే ఆ వరస అందుకున్నాడు. దంచేవాళ్ళ సువ్వి పాట, సంక్రాంతి గొబ్బి, ఉయ్యాల, లాలి, జాజర, చందమామ పదాలు, అన్నీ ఆయన కీర్తనల్లో ఉన్నాయి. పండితుడై ఉండి, రోకలి పట్టిన ఆడవాళ్ళ దగ్గర శిష్యరికం చేశాడు.

అంతకు మించిన సంగతి మరొకటి. సాళువ నరసింహరాయలు అన్నమయ్య శృంగార కీర్తన ఒకటి విని మెచ్చి, అలాంటిదే తన మీద ఒకటి కట్టమన్నాడు. తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కినవాడు ఈయనే. అన్నమయ్య కట్టనన్నాడు. రాజు సంకెళ్ళు వేయించాడనీ, పాటతోనే అవి ఊడిపడ్డాయనీ చిన్నన్న రాశాడు. సంకెళ్ళ సంగతి భక్తులకు వదిలేసినా, ఆ ‘కట్టను’ అన్న మాట చాలు నాకు. పాట ఎవరిమీద కట్టాలో తేల్చుకోవలసినవాడు పాటగాడు, డబ్బిచ్చేవాడు కాదు. స్వతంత్ర గాయకులని ఈనాడు మనం గొప్పగా చెప్పుకునేవాళ్ళు పాటించే సూత్రం ఇదే కదా.

ఇదంతా ఆ తండ్రికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన శనగ వేసే రైతు. ఓపిగ్గా విని, తలపాగా విప్పి దులిపి, నన్ను ఒక్క ప్రశ్న వేశాడు.

“అదంతా సరే సార్. ఆయప్ప పాటలు రాగిరేకుల మీద రాసి పెట్టినారు. మావోని పాట ఏ రేకు మీద పెడతారు?”

నాకు జవాబు తోచలేదు. ఆయనే రాజీకి వచ్చాడు. “మీరు కూడా ఎంట పోయేటట్లయితే పొమ్మనండి.” అలా, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఒక కచేరీ యాత్రకు పెద్దదిక్కునయ్యాను. సంచిలో రెండు జతల బట్టలతో పాటు పాత నోటుపుస్తకం ఒకటి పెట్టుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మే నెల మొదటి వారంలో బయలుదేరాం. కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్ల దారి. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు ఊళ్ళ మీదుగా పోతుంది. పగలు బయట కాలు పెట్టలేం. పొద్దు వాలిన తర్వాతే పాట.

మొదటి కచేరీ నంద్యాలలో ఒక టీ అంగడి ముందర. కుర్రవాడు కళ్ళు మూసుకుని మూడు పాటలు పాడాడు. పక్కనుంచి లారీలు పోతున్నాయి. పిల్లలు నలుగురు చుట్టూ చేరి గిటారు వంక చూశారే గాని పాట వినలేదు. అంగడివాడు మాత్రం టీ డబ్బులు తీసుకోలేదు. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మర్నాడు అహోబిలం వెళ్ళాం. నల్లమల కొండల్లో తొమ్మిది నరసింహ క్షేత్రాలున్న చోటు. పాత కర్నూలు జిల్లాలోది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అన్నమయ్య ఇక్కడే శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని చిన్నన్న చెప్పాడు. సాయంత్రం చల్లగాలికి దిగువ అహోబిలంలో ఒక రాతి అరుగు మీద కూర్చున్నప్పుడు మావాడు అడిగాడు.

“మైకు ల్యాకుండా ఆయప్ప పాట జనానికి ఎట్ల ఇనపడింది సార్?”

మంచి ప్రశ్న. నాకు తోచినది చెప్పాను. మైకు లేని రోజుల్లో పల్లవే మైకు. పాటగాడు పల్లవి ఒకసారి పాడతాడు. చరణం పాడి మళ్ళీ పల్లవికి వస్తాడు. రెండోసారికి ముందు వరసలో ఉన్నవాళ్ళు గొంతు కలుపుతారు, మూడోసారికి వెనకవాళ్ళు కలుపుతారు. చరణం ఒక్కడిది, పల్లవి అందరిదీ. పది గొంతులు కలిస్తే పాట వీధి చివరకు పోతుంది. అన్నమయ్యను పదకవితా పితామహుడన్నారు. ఆయన కీర్తనల్లో ఎక్కువ భాగం పల్లవీ, మూడు చరణాల పొందికే. అది వినేవాళ్ళకు చోటు విడిచిన పొందిక.

“నువ్వు కళ్ళు మూసుకుని పాడావు. వాళ్ళకు చోటెక్కడ ఇచ్చావు?” అన్నాను. వాడు ఆ రాత్రి పడుకోకుండా రెండు పాటలకు పల్లవులు కత్తిరించుకున్నాడు.

ఇక వాడి తండ్రి ఎత్తిన రాగిరేకుల సంగతి. తాళ్ళపాకవారి సంకీర్తనలను రెండువేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక చిన్న రాతి అరలో భద్రపరిచారు. ఆ అరకు రెండువైపులా తంబూర పట్టిన మనుషుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ దొర, ఈ రేకుల్లో పాత వ్యాకరణం దొరుకుతుందేమోనని వెతికించి, దేవుడి పాటలు తప్ప మరేమీ లేవని పెదవి విరిచాడు. 1922 ప్రాంతంలో గాని అవి బయటికి రాలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మా అనంతపురం జిల్లాలోనే పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వాటిని పరిష్కరించి లోకానికి ఇచ్చారు. చిన్నన్న చరిత్ర కూడా ప్రభాకరశాస్త్రిగారి చలవ వల్లనే 1949లో అచ్చయింది.

కాని రేకు మీద ఉన్నది మాట, దాని పైన రాగం పేరు. స్వరం లేదు. ఆ మాటను అన్నమయ్య ఎలా ఎత్తుకున్నాడో, ఎక్కడ విరిచాడో, ఎక్కడ సాగదీశాడో రేకుకు తెలియదు. రాళ్ళపల్లివారు మొదలు 2025లో కన్నుమూసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి దాకా ఎందరో విద్వాంసులు ఆ మాటలకు కొత్తగా బాణీలు కట్టారు. ఈరోజు మన ఇళ్ళలో మోగుతున్నవి చాలావరకు ఆ బాణీలే. అవి మనకు దక్కిన భాగ్యం. కాని అన్నమయ్య నోటి బాణీ ఆయనతోనే పోయింది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ తాళ్ళపాక వంశంవారు లాలి పాడే ఆచారం మాత్రం నేటికీ ఉంది. రాగి మాటను కాపాడింది. పాట నిలవడానికి మాత్రం గొంతు కావలసి వచ్చింది.

ఈ మాట కుర్రవాడితో చెబుతుంటే నా సంచిలోని నోటుపుస్తకం నన్ను పొడిచింది. దాని కథ చెప్పక తప్పదు.

మా కడప, కర్నూలు జిల్లాల్లో మరొక పాట ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారి తత్వం. పదిహేడో శతాబ్దంలో బనగానపల్లెలో పశువులు కాసి, కందిమల్లాయపల్లెలో సమాధి అయిన మహానుభావుడు. దూదేకుల సిద్ధయ్య ఆయన ప్రియశిష్యుడు. వాళ్ళ తత్వాలనూ, ఆ దారిలో తర్వాతివాళ్ళు కట్టిన తత్వాలనూ ఒంటితీగ తంబూర మీటుతూ, చిడతలు వాయిస్తూ పాడుకుంటూ ఊళ్ళు తిరిగే ముసలివాళ్ళు నా చిన్నతనంలో తరచు కనిపించేవారు. గింజలు వేస్తే జోలె పట్టేవారు. వేయకపోయినా పాడేవారు.

అలాంటి పెద్దాయన ఒకడు మైదుకూరు దగ్గరి పల్లెలో ఉండేవాడు. గురువుగారి తత్వాలతో పాటు తాను కట్టినవీ పాడేవాడు. ఇరవై ఏళ్ళ పైమాట, ఎమ్మే చదువుతున్న రోజుల్లో ఆయన దగ్గర పది రోజులు కూర్చుని ఆయన సొంత తత్వాలు 41 రాసుకున్నాను. నా స్నేహితుడి దగ్గర టేపురికార్డరు ఉంది. అడిగితే ఇచ్చేవాడే. క్యాసెట్లకు ఖర్చెందుకు, సాహిత్యం చాలదా అనుకున్నాను. సాహిత్య విద్యార్థినన్న గర్వం కూడా ఉంది. నాలుగేళ్ళకు ఆ పెద్దాయన పోయాడని తెలిసింది. అప్పటినుంచి నా దగ్గర 41 పాటలు ఉన్నాయి, ఒక్కటీ పాడలేను. అన్నమయ్య బాణీ పోయిందని క్లాసులో ఏటేటా బాధపడే మనిషినే, నా చేతులతో నేనూ ఒక రాగిరేకు చెక్కి అరలో పెట్టాను.

మైదుకూరులో దిగి ఆ పల్లెకు ఆటో మాట్లాడుకున్నాం. పెద్దాయన కూతురు అదే ఇంట్లో ఉంది. అరవై దాటి ఉంటాయి. కడప బండలు పరిచిన వసారాలో కూర్చుని చింతకాయ కొడుతున్నది. నన్ను గుర్తుపట్టలేదు గాని నోటుపుస్తకాన్ని గుర్తుపట్టింది.

“మా నాయన దెగ్గర కూసోని రాసుకుంటాండె పిలగాడు మీరేనా సార్?”

నేనేనన్నాను. పాటలు ఏవైనా జ్ఞాపకమున్నాయా అమ్మా అని అడిగాను. లేవన్నది. పుస్తకం తెరిచి ఒకటొకటే చదివాను. తల అడ్డంగా ఊపింది.

“అట్ల కతలాగ సదివితే యాడ గుర్తొస్తాది సార్?” అని, తన పనిలో పడింది.

నేను ఊరుకున్నాను. ఎండ తగ్గింది. ఆమె చింతకాయ మీద కొయ్యతో కొడుతున్నది. టకటకమని ఒక లయ. కుర్రవాడు ఏమనుకున్నాడో, ఆ లయకు గిటారు మీద ఒకే ఒక తీగ మీటడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఆమె పెదవులు కదిలాయి. పల్లవి వచ్చింది. దాని వెనక చరణం వచ్చింది. చేయి ఆగితే పాట ఆగేది, చేయి ఆడితే పాట నడిచేది. వాడు మెల్లగా ఫోను తీసి పక్కన పెట్టాడు.

నా పుస్తకంలో ఆ పాట వెతికి, వేలితో వెంబడిస్తూ కూర్చున్నాను. రెండో చరణంలో వేలు తడబడింది. ఆమె ‘ఇల్లిడిసి’ అని పాడింది. నా పుస్తకంలో ‘ఇల్లు విడిచి’ అని ఉంది. పెద్దాయన తప్పు పలికాడనుకుని నేనే దిద్ది రాశాను! ఆమె మాటకు ఐదు మాత్రలు, నా మాటకు ఆరు. నా మాట పెట్టి పాడబోతే బాణీ కుంటుతుంది. ఇన్నేళ్ళుగా మాత్రలు లెక్కపెట్టడం పిల్లలకు నేర్పుతున్నవాణ్ణి. నాకు తలకొట్టేసినట్టయింది. కుర్రవాడు మర్యాదగా పక్కకు చూశాడు.

పొద్దు గూకేసరికి 41 పాటల్లో రెండు పూర్తిగా దొరికాయి. మూడోదానికి పల్లవి మాత్రం వచ్చింది. “మిగతాయి మా నాయనతోనే పాయ సార్” అన్నది ఆమె. పుస్తకంలో ‘ఇల్లు విడిచి’ కొట్టివేసి ‘ఇల్లిడిసి’ అని రాశాను. ఆ రాత్రి ఆ ఊరి రచ్చబండ మీద మావాడు పాడాడు. కళ్ళు తెరిచి పాడాడు. తండ్రి పొలంలో బోర్లు ఎండిపోయిన పాట. పల్లవిలో లెక్క ఉంటుంది, ఆరు బోర్లు వేస్తే ఆరూ దుమ్మే లేపాయని. మూడోసారి పల్లవికి వచ్చేసరికి బండ మీది ముసలివాళ్ళు వాడి కంటె ముందే అందుకున్నారు. బోర్ల పాటకు ఆ పల్లెలో అర్థం చెప్పనక్కరలేదు.

తర్వాత దేవుని కడప. తిరుమలకు గడప అంటారు. ఉగాదినాడు ముస్లిములు కూడా వచ్చి దర్శనం చేసుకునే గుడి. అక్కడినుంచి ఒంటిమిట్ట. చివరకు తాళ్ళపాక. ఊరి దగ్గర హైవే పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ఉంది. దాని కింద నిలబడి తల ఎత్తితే మెడ నొప్పి పుట్టింది. ఆ మనిషి ఇంత ఎత్తున ఉండి పాడలేదు కదా, జనం మధ్య నిలబడి పాడాడు కదా అనిపించింది. మావాడు విగ్రహం నీడలో కూర్చుని, చింతకాయ కొట్టిన ఆమె పాడిన తత్వం ఒకటి ఎవరికీ వినపడనంత మెల్లగా పాడుకున్నాడు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో అవ్వో, నాయనమ్మో, మేనత్తో ఉంటుంది. ఆమెకు ఒక జోలపాటో, నాట్లపాటో, దంపుడు పాటో వచ్చే ఉంటుంది. కూర్చోబెట్టి పాడమంటే రాదంటుంది. ఆమె పప్పు చెరుగుతున్నప్పుడో, మనవణ్ణి ఊపుతున్నప్పుడో పక్కన కూర్చోండి. ఫోను ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఉంది. మాట తప్పని దిద్దకండి. ఆ దిద్దినవాడి గతి ఇప్పుడే విన్నారు.

కర్నూలు తిరిగి వచ్చిన రోజు కుర్రవాణ్ణి నేనే వాళ్ళ ఊరికి తీసుకుపోయి తండ్రికి ఒప్పజెప్పాను. పదకొండు రోజుల్లో వచ్చింది రెండువేల చిల్లర, ఒక చింతపండు మూట. రాబడి చూసి ఆయన ఏమీ అనలేదు. చింతపండు వాసన చూసి లోపల పెట్టించాడు. భోజనాలైన తర్వాత, నులకమంచం మీద వెనక్కి వాలి, “ఏం పాడినావో పాడు, ఇందాం” అన్నాడు.

వాడు బోరు పాట ఎత్తుకున్నాడు. తండ్రి చుక్కలకేసి చూస్తూ పడుకున్నాడు. మొదటి పల్లవి అయింది. చరణం అయింది. రెండోసారి పల్లవికి రాబోతుండగా మంచం మీదనుంచి మాట వినిపించింది.

“ఆరు కాదురా. ఏడు. నువ్వు పుట్టక ముందు ఒకటి ఏసినా.”

కుర్రవాడు నా వంక చూశాడు. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. ఆరు, ఏడు. మాత్ర చెడలేదు. వాడు తీగ సవరించుకుని, ఏడు బోర్లని మళ్ళీ అందుకున్నాడు.